తిరగేసిన నాటు

నాటు వేసే ఆడవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఇది చెప్పాల్సిన సంగతి కూడా కాదు. ముందుకు నడిస్తే వేసిన నారు మీదే కాలు పడుతుంది. హాలియా చుట్టుపక్కల ఊళ్ళలో ఐదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. జిల్లా కేంద్రంలో కవిత్వాన్ని ఉద్ధరించడానికి కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియలేదు. తెలియకపోతే పోనీ, ఎవరినైనా అడుగుదామని కూడా తోచలేదు. ఆ మాట తలుచుకుంటే భాగ్యశ్రీకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

భాగ్యశ్రీ అంగన్‌వాడీ టీచరు. వాళ్ళ అమ్మ సాలమ్మ నాట్ల ముఠాకు పెద్ద. కాలువకు నీళ్ళు వదిలారని తెలిస్తే చాలు, చుట్టుపక్కల రైతులు సాలమ్మ ఇంటి ముందుకు వచ్చి నిలబడతారు. ఆమె వెంట పదకొండు మంది ఆడవాళ్ళు. ఎవరి మడిలో ఏ రోజు దిగాలో, ఏ వరుసలో ఎవరు నిలబడాలో అంతా సాలమ్మే చెబుతుంది. చదువు రాదు. గొంతు మాత్రం మూడు మడుల అవతలికి వినిపిస్తుంది.

భాగ్యశ్రీ పదో తరగతి సెలవుల్లో తల్లితో పాటు నాటుకు పోయేది. ఒకనాడు మడి చివర ఒడ్డు కాలికి తగిలాక అందరూ నడుములు పట్టుకుని లేచారు. సాలమ్మ మడి వంక చూసి, "మనం లేని జాగంత పచ్చగైంది సూడు," అన్నది. మామూలుగానే అన్నది. ఆ మాట పిల్ల మనసులో పదిహేనేళ్ళు ఉండిపోయి, చివరికి ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీ పిల్లలు పడుకున్నప్పుడు కవితగా బయటికి వచ్చింది.

మేం ఎనుకకు నడుస్తం
మడి ముందుకు పచ్చబడ్తది
మా మొఖం నీళ్లకు
మా ఈపు మొగులుకు
ఒడ్డు కాలికి తాకితె గని లేవం
లేసి సూస్తే
మేం లేని జాగంత పచ్చగుంటది

టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అది చేతులు మారి మారి కమలాకర్ దగ్గరికి చేరింది. కమలాకర్‌ది నల్లగొండ. కవితలను బొమ్మలతో, గొంతులతో వీడియోలు చేసే ఒక సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఖాదీ లాల్చీ, భుజానికి గుడ్డ సంచి, నెమ్మదైన మాట. ఆగస్టు మొదట్లో కారు వేసుకుని ఇంటికే వచ్చాడు.

"కవిత్వం కాగితం మీద పడి ఉంటే ఎవలు సదువుతరు మేడం?" అన్నాడు. "దానికి బొమ్మ కావాలె, గొంతు కావాలె. పది కవితలు తీసుకున్నం. సెప్టెంబర్ తొమ్మిది, తెలంగాణ భాషా దినోత్సవం నాడు తెర మీద ఏస్తం. అటెన్క బడులన్నిటికీ పంపుతం."

భాగ్యశ్రీ సంతోషంతో ఉక్కిరిబిక్కిరి అయింది. చాయ్ తెచ్చిన సాలమ్మ నిలబడే అంతా విన్నది. కమలాకర్ కవితను పైకి చదివి వినిపించాడు. చివరి మాట దగ్గర సాలమ్మ తల ఎత్తింది.

"గా మాట నాదే గదనే?" అని కూతురిని అడిగింది.

"నీదేనే. నువ్వన్నదే రాసిన."

కమలాకర్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "అట్లయితే గొంతు కూడా అమ్మదే ఉండాలె. ఇంకో మాటే లేదు. స్టూడియోల సదివేటోళ్లు మస్తుగున్నరు, గీ గొంతు ఏడ దొరుకుతది?" అని సాలమ్మకు దండం కూడా పెట్టాడు. ఆ దండం చూసిన వాళ్ళెవరైనా నమ్ముతారు. సాలమ్మ నమ్మింది.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె పడిన తిప్పలు ముఠా ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. భాగ్యశ్రీ ఒక్కో ముక్క చెప్పడం, సాలమ్మ దాన్ని పొలానికి మోసుకుపోవడం, నాటు వేస్తూ వల్లె వేయడం. మధ్యలో ఒక ముక్క జారిపోతే పక్క వరుసలోని నాగరాణి అందించేది. రెండో రోజు పొద్దుగూకే సరికి పదకొండు మందికీ కవిత నోటికి వచ్చేసింది.

"సాలక్కా, రేపటి సంది నువ్వు నారు ముట్టవా ఏంది? టీవీల కూసుంటవా?" అని నాగరాణి ఎగతాళి చేసింది.

"కూసుంటనే. నీ అసొంటోళ్లు సూసి కుళ్లాలె," అన్నది సాలమ్మ.

మూడో రోజు కమలాకర్ మనుషులతో వచ్చాడు. గాలయ్య మడిలో నాటు జరుగుతున్నది. గాలయ్య మూడెకరాల రైతు, వీడియో అంటే ఆయనా సంబరపడి తెల్ల పంచె కట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. వీడియోలు తీసే నరేష్ డ్రోన్ ఎగరేశాడు. అది పెద్ద తూనీగలాగా నెత్తి మీద తిరుగుతుంటే ఆడవాళ్ళు నవ్వాపుకోలేక నారు చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు. సాలమ్మ ఒక్క కసురు కసిరితే మళ్ళీ వంగారు. తర్వాత ఆమె కొంగుకు చిన్న మైకు తగిలించారు. ఒడ్డు మీద నిలబడి సాలమ్మ ఏడు ముక్కలూ ఎక్కడా తడబడకుండా చెప్పింది. చెప్పాక, "మల్ల జెప్పాల్నా సారూ?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా, బంగారం లెక్క వచ్చింది," అన్నాడు కమలాకర్.

ఇక్కడ భాగ్యశ్రీ తప్పు ఒకటుంది, దాన్ని దాచడం మర్యాద కాదు. సెప్టెంబరు మొదటి వారంలో ఆమె పిల్లల బరువులు తూచుతుండగా ఫోన్ మోగింది. కమలాకర్ సందేశం. 'కమిటీ సలహా మీద చిన్న చిన్న మార్పులు చేసినం మేడం. మీకు అభ్యంతరం ఉండదనుకుంటున్న.' ఏం మార్పులు అని అడగాలి. అడగలేదు. అడిగితే పెద్దవాళ్ళు ఏమనుకుంటారోనని ఒక జంకు, అసలుకే మోసం వస్తుందేమోనని ఒక భయం. రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరుకుంది. తల్లికీ చెప్పలేదు.

తొమ్మిదో తారీకున ముఠా అంతా కలుపు పని బందు పెట్టింది. పన్నెండు మందీ పెట్టెల్లోంచి చీరలు తీశారు. హాలియా దాకా ఆటోలు, అక్కడి నుంచి నల్లగొండకు బస్సు. సాలమ్మ కొత్త రవిక కుట్టించుకుంది. బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మకు కూడా, "నా గొంతు ఇనిపిస్తరంట, పోతున్నం," అని చెప్పింది.

హాలు నిండా కుర్చీలు. ముందు రెండు వరుసల్లో సోఫాలు, వాటి మీద పేర్ల చీటీలు. భాగ్యశ్రీకి రెండో వరుసలో చీటీ ఉంది, సాలమ్మకు లేదు. "అమ్మ వాళ్లు ఎనుక కూసుంటరు మేడం, పిలిచినప్పుడు వస్తరు," అన్నాడొక కార్యకర్త. ముందు వరుసలో భాగ్యశ్రీ పై అధికారిణి, సూపర్‌వైజర్ మేడం కూర్చుని ఉంది. భాగ్యశ్రీ ఒక క్షణం ఆగి, తన చీటీ ఉన్న చోటనే కూర్చుంది. పదకొండు మందితో సాలమ్మ చిట్టచివరి వరుసకు పోయింది.

తల్లి భాష గొప్పతనం గురించి గంటన్నర ఉపన్యాసాలు. మన యాస, మన బాస, మన మట్టి అంటూ ఒక్కొక్కరూ మైకు అదరగొట్టారు. ఆ తర్వాత దీపాలు తగ్గించారు. ఐదో వీడియో భాగ్యశ్రీది. తెర మీద ఆమె పేరు పడగానే వెనక నుంచి ఈల వినిపించింది. అది నాగరాణి ఈల.

గొంతు మొదలైంది.

సాలమ్మ గొంతు కాదది. ఎరువుల ప్రకటనలు చదివే గొంతు లాంటిదొకటి, తేనె పూసినట్టు, ప్రతి అక్షరాన్నీ నిమురుతూ వచ్చింది. "మేము ముందుకు నడుస్తాము, మా వెంట మడి పచ్చబడుతుంది," అంటున్నది. మొఖం ముఖమైంది. మొగులు ఆకాశమైంది. భాషా దినోత్సవం నాడు, అంతసేపు మన బాస మన బాస అని గుండెలు బాదుకున్న హాల్లో. భాగ్యశ్రీ తన చెవులను నమ్మలేకపోయింది. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

తెర మీద గాలయ్య మడి. పై నుంచి తీసిన దృశ్యం, మెరిసే నీళ్ళు, వరుసగా పన్నెండు మంది. వాళ్ళు ముందుకు నడుస్తున్నారు. మొదట అర్థం కాలేదు, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపించింది. అప్పుడు చేతులు చూసింది. ఖాళీ చేతులు నీళ్ళలోకి పోతున్నాయి, నారుతో పైకి వస్తున్నాయి. సాలమ్మ కుడి చేయి మడిలోంచి ఒక పిలక పీకి ఎడమ చేతి కట్టలో పెట్టుకుంటున్నది. పక్కన నాగరాణి, ఆ పక్కన బిక్షమ్మ, అందరూ పీకుతున్నారు. వాళ్ళు అడుగు ముందుకు వేసిన కొద్దీ ఎదురుగా ఉన్న పచ్చదనం మాయమై బురద మిగులుతున్నది. మాటల్లో 'ముందుకు' అని మార్చారు గదా, బొమ్మలో ఆడవాళ్ళు వెనక్కి పోతుంటే బాగుండదని వీడియోను చివరి నుంచి మొదటికి తిప్పారు. అంతే. అది చేసినవాడికీ, చూసి బాగుందన్న కమిటీకీ, ఆ నారు ఎటు పోతున్నదో కనబడలేదు. వాళ్ళు చూసింది చీరల రంగులే.

"మేము ఉన్న చోటంతా పచ్చగా ఉంటుంది," అని తేనె గొంతు ముగించింది. అప్పటికి తెర మీద మడి మొత్తం బోసిగా ఉంది. ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి.

వెనక వరుస నుంచి బిక్షమ్మ గొంతు పైకి లేచింది. "ఓ సాలక్కా! మనతోని నాటు పీకిస్తున్నరేందే!"

"జర సైలెన్స్ అమ్మా," అన్నారెవరో.

నాటిన మడిని పీకడమంటే ఆ వైపు ఊళ్ళలో పగవాళ్ళు చేసే పని. తెలిసి చేస్తే పంచాయితీ పెడతారు. ఆ సంగతి చెప్పడానికి వెనక వరుస వాళ్ళ దగ్గర మైకు లేదు.

వ్యాఖ్యాత భాగ్యశ్రీని వేదిక మీదికి పిలిచాడు. ఆమె ఎక్కింది. శాలువా కప్పారు. ఫొటో తీశారు. నవ్వమన్నారు, నవ్వింది. ఆ నవ్వు ఫొటో ఆమె ఇంతవరకు ఎవరికీ చూపలేదు. ఆ తర్వాత వ్యాఖ్యాతకు హుషారు వచ్చింది. "ఈ కవితకు ప్రాణం పోసిన నాట్ల తల్లి సాలమ్మ గారు కూడా మన మధ్యనే ఉన్నారు!" అన్నాడు. సాలమ్మ చెప్పులు కిందనే విడిచి మెట్లెక్కింది. ఆమె నోటి దగ్గర మైకు పెట్టి, "ఎట్లుందమ్మా వీడియో?" అని అడిగాడు.

మంచిగుంది అంటుంది, దండం పెడుతుంది, దిగిపోతుంది అనుకున్నాడు.

"ఎట్లుండుడేంది సారూ," అన్నది సాలమ్మ. "మేం ఏసిన నాటు మాతోనే పీకిచ్చిన్రు. గాలయ్య మడిల నాటు గిప్పుడు మోకాళ్ల ఎత్తుంది, పోయి సూడున్రి. అండ్ల ఉత్త బురద లేదు. ముందుకు నడిసి ఎవలన్న నాటేస్తరా? ఏసింది తొక్కరా? ఇగ గా గొంతెవల్దో నాకెర్కలేదు. నా గొంతు ఏం జేసిన్రు?"

హాలు గొల్లుమని నవ్వింది. కోపంతో కాదు, ముద్దుగా నవ్వింది. ఎంత సహజంగా మాట్లాడుతున్నదో అన్నట్టు ముఖ్య అతిథి పక్కవాడి తొడ చరిచాడు. చప్పట్లు మోగాయి. సాలమ్మ వాళ్ళ వంక, ఆ తర్వాత కూతురి వంక చూసింది. తను అడిగినదాంట్లో నవ్వేదేముందో ఆమెకు అర్థం కాలేదు.

ఆ చూపు భాగ్యశ్రీని కాల్చేసింది. మైకు అందుకుంది.

"నవ్వుడు ఆపున్రి," అన్నది. "మా అమ్మ జోకు చెప్పలేదు. అడిగింది. జవాబు చెప్పున్రి. కమలాకర్ సార్, ఆమె గొంతేది?"

హాలు చల్లబడింది. కమలాకర్ పక్క నుంచి వచ్చి మెల్లగా అన్నాడు, "మేడం, రికార్డింగుల గాలి సప్పుడు ఉన్నది. కమిటీ ఏమన్నరంటే, బడులకు పోయేది గద, జర అందరికీ అర్థమయ్యేటట్టు... మీకు మెసేజ్ పెట్టిన గద? మీరు ఓకే అన్నరు."

"నీకు జెప్పిండా?" అని సాలమ్మ కూతురిని అడిగింది.

"మార్పులని చెప్పిండు. ఏందని నేనడగలే."

"మరి నాకన్న జెప్పకపోతివి," అన్నది సాలమ్మ.

మైకు ఆన్‌లోనే ఉంది. అందరూ విన్నారు. "ఆ తప్పు నాది," అని భాగ్యశ్రీ మైకులోనే చెప్పింది. "సంతకం లెక్క దండం బొమ్మ పెట్టిన. కాని ఎనుకకు అని రాస్తే ముందుకు అని ఎట్ల మారుస్తరు? మేం లేని జాగ అని మా అమ్మ అన్నది. అది ఆమె నడుం ఇరిగినప్పుడు అన్న మాట. మేం ఉన్న చోటు అంటే మీకు సల్లగుంటదని మార్చిన్రా? రాష్ట్రం మనదైందని చెప్పుకుంటున్నం, ఇంకా మా మాట మాకు దిద్ది చెప్తరా?"

సూపర్‌వైజర్ మేడం సోఫాలో అటూ ఇటూ కదిలింది. వ్యాఖ్యాత సైగ చేశాడు. మైకు ఆగిపోయింది.

సాలమ్మ ఒకసారి మైకును, ఒకసారి వ్యాఖ్యాతను చూసింది. వేదిక అంచుకు వచ్చి నిలబడింది. మూడు మడుల అవతలికి వినిపించే గొంతుకు ఆ హాలెంత? "మేం ఎనుకకు నడుస్తం," అని ఎత్తుకుంది. చివరి వరుస నుంచి పదకొండు గొంతులు అదే ముక్కను తిరిగి అన్నాయి. పొలంలో ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకున్నట్టే అందుకున్నాయి. "మా మొఖం నీళ్లకు," అన్నది. "మా ఈపు మొగులుకు," అన్నారు వాళ్ళు. ముఖ్య అతిథి వెళ్ళడానికి లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు. సోఫాల్లో ఎవరూ నవ్వలేదు. చివరి ముక్క దగ్గర సాలమ్మ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. ఒడ్డున నిలబడి మడి చూసి చెప్పినట్టు, "మేం లేని జాగంత పచ్చగుంటది," అని ఊరుకుంది.

కమలాకర్ కళ్ళు తడిశాయి. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే తడిశాయి. ఫోన్ పైకెత్తి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, గిట్లనే ఇంకొక్కపారి చెప్పమ్మా. గిప్పుడు తీస్త. గిదే పెట్టుకుందం."

"ఒకపారి జెప్పిన సారూ, ఒడ్డు మీద నిలవడి," అన్నది సాలమ్మ. "బంగారం అంటివి. గా బంగారం ఏడ వారేసినవో ఎతుక్కో."

"అది నరేష్ కంప్యూటర్ల... డిలీట్ అయినట్టుంది," అన్నాడు కమలాకర్, నేల చూస్తూ.

భాగ్యశ్రీ శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టింది. వేదిక మెట్ల మీద కూర్చుంది. "గా వీడియోను కూడా తీసెయ్యున్రి. ఒక్క బడికి పోవద్దు. తీసెయ్యకుంటే నేను కదల," అన్నది. పదకొండు మందీ నడుమ దారిలోంచి వచ్చి మెట్ల కిందనే బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఆరో కవిత ఎవరిదో గానీ ఆ పెద్దమనిషి శాలువా కోసం నిలబడే ఉన్నాడు. సూపర్‌వైజర్ మేడం వచ్చి, "భాగ్యశ్రీ, ఏంది గిది? రేపు ఆఫీసుకు వచ్చి కలువు," అన్నది. "వస్త మేడం," అన్నది భాగ్యశ్రీ, కదలకుండానే.

కమలాకర్ నరేష్‌ను పిలిపించాడు. నరేష్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి నసిగాడు. "మేడం, పొద్దుగాలనే అప్‌లోడ్ అయింది. గ్రూపులల్ల పోయింది. ఎక్కినంక దించుడంటే జర కష్టం మేడం. ఎట్ల వస్తది?"

సాలమ్మ కూతురి పక్కన మెట్టు మీద కూర్చుంటూ అతని వంక చూసింది.

"నాటిన మడి పీకుడొచ్చింది గద బిడ్డా నీకు," అన్నది. "గిది రాదా?"

నరేష్ అక్కడే నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు.